ఫొటో పడేదాకా

తుఫాను వెలిసిన వారానికి మా ఆఫీసు వాళ్లం దుప్పట్లు పంచడానికి జువ్వలదిన్నె వెళ్లాం. వరసలో మొదట చేపలమ్మే కోటమ్మక్క నిలబడింది. దుప్పటి అందించి వెంటనే చేతులు తీసేయబోయాను.

"ఫొటో పడేదాకా వదలబాకన్నా! కొత్తా నువ్వు? ఇచ్చేవాళ్లు నవ్వాల. తీసుకునేవాళ్లు నవ్వగూడదు," అంటూ తను మొహం దిగాలుగా పెట్టింది. అప్పటిదాకా పకపకా నవ్వుతూ కబుర్లాడిన మనిషే. నేను బుద్ధిగా నవ్వాను.

మేం బస్సెక్కుతుంటే ఎండుచేపల పొట్లంతో పరిగెత్తుకొచ్చింది. వద్దంటే వినలేదు. సరేనని అందుకుంటే పొట్లం ఆమె చేతిలోంచి రావడం లేదు. ఎంత లాగినా వదలదు. రెండో చేత్తో, వెనకే వచ్చిన కూతురికి ఫోను అందించి, నోరారా నవ్వుతూ నావైపు తిరిగింది.

"నువ్వు నవ్వబాకన్నా. ఈసారి ఇచ్చేది నేను."