సగం లడ్డూ

బోధన్ దగ్గరి మా ఊళ్లో, నా చిన్నప్పుడు, చక్కెర బీమారి అంటే జనం నవ్వేవాళ్లు. ఊరంతా చెరకే. మా ఇంటి బండ్లు కూడా ఫ్యాక్టరీకి చెరకు తోలేవి. అలాంటి ఇంట్లో మా తాతయ్యకే ఆ బీమారి వచ్చింది. చెరకు మోడు గుచ్చుకుని కాలి బొటనవేలికి పుండు పడింది, ఎంతకీ మానలేదు. చక్కెర దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. రోజంతా ఎడ్ల వెంట నడిచే మనిషికి అదెంత కష్టమో ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

తాతయ్యకు శనగపిండి లడ్డూ అంటే ప్రాణం. డాక్టరు మాట విన్నాక భయపడి, సాయంత్రం చాయ్‌తో సగం మాత్రం తిని మిగతా సగం నా చేతిలో పెట్టేవాడు. అబద్ధమెందుకు, నాకు ఆ బీమారి మీద కొంచెం ప్రేమ కూడా ఉండేది.

అంతలో మా చిన్నబాపు, అంటే మా చిన్నాన్న, మందుల దుకాణం నుంచి సాకరిన్ గోలీలు తెచ్చాడు. చక్కెర లేకుండానే తీపినిచ్చే బిళ్లలవి. మా అవ్వ, అంటే మా నాయనమ్మ, వాటిని పొడి చేసి, వేయించిన పిండిలో నెయ్యి పోసి లడ్డూలు కట్టింది. చివర్లో కాస్త చేదు తగిలేది. తాతయ్య అదేమీ పట్టించుకోలేదు. ఇక ఆయనకు పగ్గాల్లేవు. పొద్దున లేస్తే లడ్డూ, పొలం నుంచి వస్తే లడ్డూ. నాకు సగం రావడం ఆగిపోయింది. పుండు మాత్రం అలాగే ఉంది. డాక్టరు కసిరితే, "నేను చక్కెర ముట్టనే లేదు సారూ," అని ఒట్టు పెట్టుకున్నాడు. అదీ నిజమే.

ఒక సాయంత్రం అవ్వ లడ్డూల పళ్లెం ముందు పెట్టి, "గోలీలు అయిపోయినయి. ఇయ్యి చక్కెరయి," అంది. తాతయ్య పళ్లెం వంక చాలాసేపు చూసి, ఒకటి తీసి విరిచి, సగం నాకిచ్చి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు అవ్వ అదే పళ్లెంలో మళ్లీ లడ్డూలు పెట్టి, "గోలీలు దొరికినయి, తిను," అంది. చిన్నబాపుతో బండి ఇరుసు గురించి మాట్లాడుతూనే తాతయ్య నాలుగు తినేశాడు. ఇంకోదాని మీదికి పోతున్న ఆయన మణికట్టును అవ్వ గట్టిగా పట్టుకుంది.

"నిన్నటియి, ఇయ్యాల్టియి అన్నీ గోలీలయే. చక్కెరయి అన్ననని నిన్న సగంలనే ఆగినవు. ఇయ్యాల భయం లేకపాయె, నాలుగు మింగినవు. చక్కెర తీసేసిన గని, పిండి, నెయ్యి యాడికి పోతయి?"

తాతయ్యకు కోపమొచ్చింది. "ముసలోన్ని మోసం జేస్తవా?" అన్నాడు.

"నేను ఒక్కదినమే జేసిన. గోలీలు అచ్చిన కాడికెల్లి నిన్ను నువ్వే జేసుకుంటున్నవు," అంది అవ్వ. గొంతు గట్టిగానే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. తాతయ్య ఆ కళ్లు చూసి పళ్లెం పక్కకు జరిపేశాడు.

గోలీల సీసా అటకెక్కింది. జొన్నరొట్టె, ఆకుకూర, వేళ తప్పని మందు, పండుగకు మాత్రం సగం లడ్డూ. పుండు మెల్లగా మానింది, వేలు దక్కింది. మరుసటి కోతలకు తాతయ్య ఎడ్ల వెంట నడుస్తుంటే బండిలో చెరకు మీద కూర్చుని నేను ఆయన కాలినే చూస్తూ పోయాను.

ఇప్పుడు నిజామాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. తాతయ్య బీమారి నాకూ వచ్చింది. నా కోడలు మంచిది, నాకోసం వెతికి మరీ షుగర్ ఫ్రీ బర్ఫీ, డైట్ బిస్కట్లు తెస్తుంది. "ఎన్ని తిన్నా ఏం గాదు అత్తమ్మా," అంటుంది. నాకు భయం ఆ మాటంటేనే. చక్కెర లేకపోవడం మంచిదే, కాదనను. కానీ డబ్బా వెనక చదివితే నెయ్యి ఉంటుంది, కోవా ఉంటుంది, మైదా ఉంటుంది. ఎన్ని తిన్నా ఏం కాని మిఠాయిని ఇంతవరకు ఎవరూ చేయలేదని ఎవరితోనైనా వాదిస్తాను.

చెయ్యి డబ్బా మీదికి పోయినప్పుడల్లా మణికట్టు దగ్గర అవ్వ పట్టు తెలుస్తుంది. ఒకటి తీసి విరుస్తాను. సగం నాకు, సగం పక్కనే చెయ్యి చాపి నిలబడ్డ మనవరాలికి. దానికీ నా బీమారి మీద కొంచెం ప్రేమ ఉన్నట్టే కనిపిస్తుంది.