తల తుంచిన మిరప నారు

చెరువు గడ్డకడుతుందని నా చిన్నప్పుడు మా గుంటూరు పల్లెలో ఎవరికీ తెలియదు. వానలకి నిండేది, ఎండలకి ఎండేది, అంతే. అలాంటి ఊరికి చలిదేశం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. చర్చి ముందు పందిరి వేసి సాయంత్రం సభలు పెట్టారు. ఆయన ఇంగ్లీషును తెలుగు చేసే పని మా పెద్దమ్మది. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. మైకు ముందు నిలబడటమంటే ఆవిడకి ప్రాణం.

మొదటిరోజు ఆయన ఒక కథ చెప్పాడు. గడ్డకట్టిన చెరువు మీద నడుస్తున్న పిల్ల, మంచు పగిలి మునిగిపోతుంటే, ఈతరాని తండ్రి దూకేశాడట. పెద్దమ్మ దాన్ని తెలుగు చేస్తూ, పొంగే వాగు దాటుతూ పిల్ల కొట్టుకుపోయిందని చెప్పింది. తండ్రిని మాత్రం అలాగే ఉంచింది. మా వాగు సంగతి ఎరిగిన వాళ్ళే కాబట్టి పందిరంతా కళ్ళు తుడుచుకుంది.

సభ కాగానే మా చర్చి సంఘపెద్ద వచ్చాడు. ఆయనకీ ఇంగ్లీషు వచ్చు.

"టీచరుగారూ, ఆయన చెప్పిందొకటి, మీరు చెప్పిందొకటి. అందరి ముందూ తప్పు ఒప్పుకోండి. లేకపోతే రేపటినుంచి మైకు నాకివ్వండి."

"తీసుకోండి. తప్పు మాత్రం ఒప్పుకోను" అంది పెద్దమ్మ.

నాకు భయమేసింది. మా పెద్దమ్మ అబద్ధం చెప్పిందేమోనని దిగులు కూడా వేసింది.

మర్నాడు మా చేలో మిరప నాట్లు. పెద్దమ్మ నారు తలలు తుంచి కూలీలకి అందిస్తోంది. పచ్చటి మొక్కని అలా గిల్లేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకని అడిగాను.

"పీకిన మొక్క ఇంకా నేల పట్టుకోలేదే. నారుమడిలో వేసిన పాత ఆకులన్నీ ఉంచామనుకో, వాటికి నీళ్ళు అందించలేక వాడిపోద్ది. తుంచితే నిలదొక్కుకుని కొత్త ఆకు వేస్తది. వేరు మాత్రం తెగనివ్వకూడదు" అంది. ఇంకో నారు తల గిల్లుతూ, "రాత్రి నేను చేసిందీ అదే" అంది.

ఆ సాయంత్రం ప్రసంగీకుడు అదే కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. సంఘపెద్ద మాటకి మాట తెలుగు చేశాడు. పిల్ల చెరువు మీద నడుస్తోందనగానే జనం చేతులెత్తి హల్లెలూయా అన్నారు. ఏసుప్రభువులా నీళ్ళ మీద నడిచిన అద్భుతమనుకున్నారు పాపం! ఆ కేకల్లో తండ్రి దూకిన సంగతి ఎవరికీ వినబడలేదు. సంఘపెద్ద మావైపు గెలిచినట్టు చూశాడు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఆ మైకు దగ్గరికి వెళ్ళలేదు, క్షమాపణా చెప్పలేదు.

ఇప్పుడు నేను వేరే భాషల నవలల్ని తెలుగు చేస్తుంటాను. మొన్న ఒక సంపాదకుడు నా పేజీ నిండా ఎర్రగీతలు పెట్టి, "మూలంలో ఇలా లేదు కదమ్మా" అన్నాడు. లేదన్నాను. వేరెక్కడ తెగిందో చూపించమన్నాను. చూపించలేడు గాని దిద్దక తప్పదంటాడు. అయితే నా పుస్తకం నాకిచ్చెయ్యమన్నాను. మైకు పోతే పోనీ. ఆ తండ్రి నీళ్ళలోకి దూకిన చప్పుడు మాత్రం నా వాళ్ళకి వినబడి తీరాలి.