గుర్రమైన బంటు

నా చిన్నప్పుడు మేం ఖతార్‌లో, దోహాలోని అల్ ముంతజాలో ఉండేవాళ్ళం. తొంభైల నాటి మాట. నాన్న ఒక కంపెనీలో స్టోర్ చూసేవారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ప్రార్థన కూడిక కూడా ఆ రోజే, మా హాల్లోనే జరిగేది. మా మావయ్య కోనసీమ నుంచి వచ్చి ఒక ఖతారీ పెద్దాయన ఇంట్లో డ్రైవరుగా చేసేవాడు. డ్యూటీ లేని శుక్రవారం వచ్చి పాటలకు కంజీర వాయించేవాడు.

ఆ పెద్దాయనకు చదరంగమంటే ప్రాణం. మావయ్యకూ అంతే. కానీ పెద్దాయన లోపల ఆటలు చూస్తుంటే మావయ్య బయట కారులో కూర్చోవాల్సిందే. ఒక శుక్రవారం పొద్దున కూడిక అయ్యాక, మధ్యాహ్నం డ్యూటీకెక్కి పెద్దాయన్ని ఒక హోటల్లో గ్రాండ్‌మాస్టర్ల పోటీకి తీసుకెళ్తూ మావయ్య నన్ను కూడా ఎక్కించుకున్నాడు. ఎండలో పిల్ల మాడిపోతుందని పెద్దాయన మా ఇద్దరినీ లోపలికి రమ్మన్నారు. మావయ్య ముఖం వెలిగిపోయింది.

ఆట జరిగే హాల్లో గుండుసూది పడినా వినిపించేంత నిశ్శబ్దం. ప్రేక్షకుల గది మాత్రం చేపల బజారులా ఉంది. గోడ మీద పెద్ద బోర్డు. హాల్లోంచి ఒకతను ఎత్తు రాసిన చీటీ తెచ్చి ఇస్తే, ఈజిప్టు మాస్టారొకాయన పావులు జరిపేవారు. ఆ వెంటనే అందరూ ఒకేసారి వాదన మొదలుపెట్టేవారు.

తెల్లపావుల ఆటగాడి బంటు గుర్రం వరుసలో చివరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. అది మంత్రి అవుతుందని అందరూ తేల్చేశారు. అయినా నల్లపావుల వాడు వరుసగా చెక్‌లిచ్చి డ్రా చేసుకుంటాడని మాస్టారు పావులు జరిపి చూపించారు. అప్పుడు మావయ్య ఉండబట్టలేక, వచ్చీరాని హిందీ, అరబ్బీ కలిపి, "మంత్రి కాదు సార్, అది గుర్రమే అవుద్ది" అన్నాడు.

గది గొల్లున నవ్వింది. "మాఫీ గుర్రం! గుర్రం లేదు, గిర్రం లేదు! నువ్వు బండి నడుపు, బోర్డు మేం నడుపుతాం" అన్నారు మాస్టారు. పెద్దాయన చిన్నబోయి తల దించుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆటగాడు చాలాసేపు ఆలోచించాడు. చివరికి చీటీ వచ్చింది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, బంటును తీసి ఆ గడిలో గుర్రాన్ని పెట్టారు. గుర్రం వస్తూనే నల్లరాజుకు చెక్, అదే దెబ్బకు నల్లమంత్రి కూడా గురిలో పడింది. ఇంక ఆట తెల్లవాడిదే. ఇంతమందిమి ఉండి ఎవరమూ చూడలేదేమని అందరూ నోళ్ళు తెరిచారు.

పెద్దాయన లేచి మావయ్యను కౌగిలించుకున్నారు. "షాతిర్! ఎంత తెలివైనవాడో చూశారా, నా డ్రైవర్!" అని అందరికీ చూపించారు. రేపటినుంచి కారులో ఉండొద్దు, నా పక్కనే కూర్చో అన్నారు. మాస్టారు కుర్చీ జరిపారు.

మావయ్య కూర్చోలేదు. మావయ్య ముఖం చూస్తే ఏదో చెప్పేసేలా ఉన్నాడని నాకు భయమేసి, "ఏం మాట్లాడకు మావయ్యా" అని చొక్కా లాగాను.

"ఊరుకోవే, కూడికలో కూర్చుని వచ్చాం" అని, పెద్దాయన వైపు తిరిగాడు. "బాబా, మాఫ్ కరో. నేనేం చూడలేదు. మా ఊళ్ళో బంటు ఏ గడికి చేరితే ఆ గడి పావే అవుద్ది. గుర్రం గడికి వెళ్తే గుర్రమే. ఇక్కడ కావాల్సింది పెట్టుకోవచ్చని ఇప్పుడే తెలిసింది."

మళ్ళీ నవ్వులు, ఈసారి ఇంకా పెద్దగా. మావయ్య కూడా వాళ్ళతో కలిసి హాయిగా నవ్వేశాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. మావయ్యనే చూస్తూ తన పక్క కుర్చీని అరచేత్తో రెండుసార్లు తట్టారు.

ఇప్పుడు నేను మా సంఘంలో స్త్రీల కూడికలో వాక్యం చెబుతాను. అప్పుడప్పుడు ఒక చెల్లెలు వాక్యం విని కన్నీళ్ళతో వచ్చి, "నా ఇంటి సంగతి మీకెలా తెలిసిందక్కా, దేవుడే బయలుపరిచాడా?" అంటుంది. ఆ క్షణంలో ఊరికే నవ్వి ఊరుకుంటే చాలు, నేను చాలా గొప్పదాన్నయిపోతాను. దేవుడు ఆమెతో మాట్లాడి ఉండొచ్చు, అది ఆయన కృప. నేను మాత్రం ఆమె చేయి పట్టుకుని, "నాకేమీ తెలియదమ్మా, ఇప్పుడు నువ్వు చెబితేనే తెలిసింది. కూర్చో, చెప్పు" అంటాను.