మా డాక్టరమ్మ గోల్ఫ్ కర్రలు

గోల్ఫ్ కర్రకు పాత రబ్బరు పిడి ఒలిచి కొత్తది తొడగాలంటే అది జారేలా లోపల కాస్త పెయింట్ థిన్నర్ పొయ్యాలి. మొన్న ఆదివారం వరండాలో కూర్చుని ఆ పని చేస్తుంటే ఘాటు వాసన ముక్కుకెక్కి చేతులు ఆగిపోయాయి. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే. బస్తర్‌లో మా ఇనుప గనుల టౌన్‌షిప్ ఆస్పత్రిలో నా పై అధికారి, డాక్టర్ వసుంధరగారు. అందరం డాక్టరమ్మ అనేవాళ్లం. ఆమె భోపాల్‌పట్నంలో బట్టల కొట్టువాళ్ల బిడ్డ. నేను కోంటా నుంచి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ని.

మా గోల్ఫ్ మైదానం గురించి గొప్పగా ఊహించుకోకండి. క్లబ్బు వెనక తొమ్మిది గుంతలు, వాటి చుట్టూ గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుక, ఎటు చూసినా ఖనిజపు ఎర్రదుమ్ము. ఇల్లు, అత్తగారు, రక్తం సీసాల మధ్య పొద్దుటి ఆ గంట ఒక్కటే నాది. దాన్ని కూడా వదిలేద్దామనుకున్నాను. మగవాళ్లు వాడి పడేసిన కర్రలతో ఎంత కొట్టినా బంతి ఎదురుగా ఉన్న వాగులోనే పడేది, నా నడుము పట్టేసేది. చూసిన ప్రతి ఆఫీసరూ "ఔర్ జోర్ సే, మేడం" అంటూ ఇంకా గట్టిగా కొట్టమనేవాడు. ఉచిత సలహాలకు మా టౌన్‌షిప్‌లో ఎన్నడూ కరువు లేదు.

మానేస్తానని చెబితే డాక్టరమ్మ ఆస్పత్రి ప్లాస్టరు ముక్క తెచ్చి, బంతికి తగిలే చోట కర్రకు అంటించి కొట్టమన్నారు. కొట్టాను. ప్లాస్టరు మీద బంతి తగిలిన మచ్చ మధ్యలో కాక, లోపలి అంచున పడింది.

"చూసినవా? కర్ర నీకు పొడుగు, బరువు. దాన్ని తిప్పుడుకే నీ బలమంత అయిపోతున్నది. ఇంక వేగం యాడికెల్లి వస్తది?"

"అయితే వర్క్‌షాప్‌లో కోయించనా మేడం?"

"వద్దే తల్లీ," అన్నారు గాభరాగా. "కోస్తే పొట్టిగైతది గాని, ఇంకింత బిర్రుగైతది. నేను చేసిన తప్పు అదే."

ఆమె భర్త గనుల ఇంజనీరు. ఆయన పోయాక ఆయన కర్రలన్నీ తన ఎత్తుకు కోయించుకున్నారట. ఉక్కు గొట్టం పొట్టిదయ్యేకొద్దీ వంగడం మానేస్తుంది. నెమ్మదిగా తిప్పేవాళ్ల చేతిలో ఇక బంతి పైకి లేవదు, దూరం పోదు. ఈ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. అయినా ఆ కర్రలతోనే ఆడేవారు.

విశాఖలో ఉన్న బంధువులతో చెప్పి నాకోసం తేలికపాటి గొట్టాలున్న కర్రలు తెప్పించారు. పిడి నా చేతికి లావైతే తనే ఒలిచి, థిన్నర్ పోసి, సన్నది తొడిగారు. మొదటి రోజు నేను కొత్తగా బలమేమీ పెట్టలేదు. భయంభయంగా, మామూలుగానే తిప్పాను. కర్ర సర్రున తిరిగింది, బంతి వాగు దాటి అవతలి గట్టున పడింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కొన్నేళ్లకు ఆమె ఆట బాగా తగ్గిపోయింది. "భుజం పోయింది పద్మా. వయసైంది. ఇగ సంచి అటక మీద పెడ్త," అనేవారు. రోజంతా రోగులను చూసి చూసి నడకలో కూడా అలసట కనిపించేది. రిటైరయ్యే వారంలో ఒక పొద్దున బతిమాలి నా కర్ర ఆమె చేతిలో పెట్టాను. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే ఎత్తు. నా మొహం చూసి కాదనలేక కొట్టారు. బంతి వాగూ గట్టూ దాటి, నాకు ఎప్పుడూ అందనంత దూరం పోయింది. ఆమె కర్రను తిప్పి దాని పిడి వంక, గొట్టం వంక చూశారు.

"ఇన్నేండ్లు ముసలిదాన్నైన అనుకుంటిని గదనే," అన్నారు.

"ఈ సెట్టు మీరే తీసుకెళ్లండి మేడం."

తల అడ్డంగా ఊపారు. నా కర్ర నాకిచ్చేసి, ఆయన కర్రల సంచి ఎత్తుకున్నారు, నొప్పి ఉన్న భుజానికే. "ఇవి ఇడిసిపెట్ట బుద్ధిగాదు," అని నడిచిపోయారు.

నాకిప్పుడు అప్పటి ఆమె వయసు దగ్గరపడింది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పని ఆలస్యం చేస్తే వెంటనే తిట్టను. ముందు ఆమె స్టూలు ఎత్తు చూస్తాను, చేతి తొడుగులు సరిపోయాయా అని చూస్తాను. ఇది డాక్టరమ్మ నేర్పిందే. కానీ సాయంత్రం ఒళ్లు హూనమై ఇల్లు చేరినప్పుడు మాత్రం, లోపం నాదేనని, నాకే చేతకావడం లేదని నన్ను నేనే తిట్టుకుంటాను. ఇదీ ఆమె దగ్గర నేర్చుకున్నదే.