పెద్దమ్మ అలుకు మీద వాలిన పురుగు

ఇవాళ పొద్దున కుసుమంచి గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ఫోనుకు హైదరాబాదు నుంచి ఒక ఫొటో వచ్చింది. మినపగింజంత నల్లటి పురుగు, నెత్తిన చిన్న కొమ్ము, కింద పర్ణశాల ఊరి పేరు కలిపి కట్టిన లాటిన్ పేరు. శాస్త్రానికి కొత్త జాతి అట. పక్కనున్న పెద్దమనిషికి చూపిస్తే, "పెండపురుగే గద" అని మళ్ళీ ఆటల పేజీలోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం పెద్దమ్మ వాకిట్లోకి వెళ్ళిపోయాను.

పర్ణశాలకు ఇవతల, అడవి అంచున ఉన్న ఊళ్ళో పెద్దమ్మ ఒక్కతే ఉండేది. ఆమె కాలు బెణికిన ఏడాది తొలకరికి నేను తోడు వెళ్ళాను. అప్పుడే హైదరాబాదు నుంచి పరిశోధన చేసే అమ్మాయి ఒకామె వచ్చి పక్కగది కిరాయికి తీసుకుంది. పేడపురుగుల మీద పని అని తెలిసి నా సంతోషానికి హద్దు లేదు. బడి చదువు పదో తరగతితో ఆగినా, గ్రంథాలయంలో కీటకాల పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివినవాణ్ణి. ఆ అమ్మాయికి తెలిసిన సంగతులే ఆమెకు చెబుతూ వెంట తిరిగాను. పాపం, ఓపికగా వినేది. పెద్దమ్మకే ఆ పని రుచించలేదు. "ఏందిరా, గంత సదువు సదివింది పెండపురుగుల కోసమా? మన కొట్టంల గంపకెత్తి ఇస్తనని చెప్పు" అనేది.

గిన్నెను నేలలో అంచుదాకా పాతి, దాని మీద పుల్లకు పేడమూట వేలాడదీస్తే, వాసనకు వచ్చిన పురుగు అందులో పడుతుంది. అలా పడ్డవాటిలో ఒకటి కొత్తదని అమ్మాయి అనుమానం. కానీ దొరికినవన్నీ ఆడవే. ఆడవాటికి వేరే జాతులతో పోలికలుంటాయి, మగదాని కొమ్ము చూస్తే గాని తేల్చలేమంది. అడవిలో తిరగడానికి ఇచ్చిన అనుమతి మర్నాటితో సరి. ఆఖరి ప్రయత్నానికని అడవిలో మేసొచ్చిన ఆవుల పేడ ఏరి, బకెట్టులో అరుగు మీద పెట్టుకుంది.

తెల్లారి చూస్తే బకెట్టు ఖాళీ. వాకిలంతా చిక్కగా అలికి ముగ్గు కూడా పడింది. "ఆడపిల్ల పోతుంటే వాకిలి ఒట్టిగ ఉంటదా? కాలు నొస్తున్నా అలికిన" అంది పెద్దమ్మ సంబరంగా. మళ్ళీ ఏరి తెచ్చే వ్యవధి లేదు. అమ్మాయి ఖాళీ బకెట్టు పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. కాసేపటికి లేచి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

పొద్దెక్కాక పెద్దమ్మ గొణుగుడు వినిపించింది. "సూడు, పెండపురుగులు అలికిందంత ఎట్ల తవ్విపోస్తున్నయో." చీపురందుకుంది. అమ్మాయి గదిలోంచి పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, ఆగు. ఊడ్వకు."

కట్టుకున్న మంచిబట్టలతోనే తడి అలుకులో మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి ఒక్కొక్క పురుగునూ చూసింది. ముగ్గుగీత దగ్గర ఆగింది.

"అంకుల్, కొమ్ముంది. మగదే" అంది మెల్లగా.

దాన్ని స్పిరిట్ సీసాలో వేయబోతుంటే పెద్దమ్మ చూసింది. "సంపుతవా బిడ్డా?"

"చంపకపోతే పేరు పెట్టలేను పెద్దమ్మా."

"పేరు పెట్టుడంటే మా దిక్కు తొట్లెల ఏస్తరు. మీరు సీసల ఏస్తరా?"

అమ్మాయి నవ్వలేక నవ్వి మూత బిగించింది.

ఆ తర్వాత దాన్ని ఎక్కడెక్కడి మ్యూజియంలలోని పురుగులతోనో పోల్చి చూడాల్సి వచ్చింది, ఏళ్ళు పట్టింది. నేను ఫోను చేసినప్పుడల్లా పెద్దమ్మ ముందు అదే అడిగేది. "పేరు పెట్టిండ్రా దానికి?" ఇంకా లేదనేవాణ్ణి. "గింత పురుక్కి గంత ఆలోచనేంది" అనేది. పోయిన చలికాలం పెద్దమ్మతో పాటే ఆ అడగడమూ పోయింది. పేరు లేదని ఆ పురుగుకు ఏ తరంలోనూ ఏ లోటూ రాలేదు. ఆలస్యమయ్యేది ఎప్పుడూ మనుషులకే.