ఎర్రబడని కాగితం

మా ఆయన సేదరపేట్‌లో ఫ్యాక్టరీకి బస్సులో వెళ్తూ ఫోన్‌లో సుడోకు ఆడతారు. అదీ అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో. నేను పేపర్లో వచ్చే మధ్యస్థం నింపుతుంటే భుజం మీంచి తొంగిచూసి, "ఇంకా ఈడనే ఉండావా?" అనేవారు. యానాంలో పుట్టి డిగ్రీ దాకా లెక్కలు చదివినదాన్ని, ఊరుకుంటానా?

పోయిన నెల ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి సుడోకు పోటీ పెట్టారు. ఎవరి స్థాయి వాళ్ళే ఎంచుకోవాలి. ఈయన 'కఠినం' కింద పేరిచ్చి వచ్చారు. ఆయన కింద పనిచేసేవాళ్ళంతా చూస్తుండగా, కాగితం మీద ఆడాలి.

ఆయన ఆట నాకు తెలియనిదా! గడిలో ఐదు నొక్కుతారు, తప్పని ఎర్రబడుతుంది. ఆరు నొక్కుతారు, ఎర్రబడుతుంది. తప్పులు మించి ఆట ఆగితే, ఒక ప్రకటన చూసి మళ్ళీ కొనసాగిస్తారు.

"కాగితం ఎర్రబడదండీ," అన్నాను.

"ఏందే పొద్దున్నే నీ సండ, కొట్లాట? తక్కువ అంకెలిచ్చేదే కష్టం. నేను ఆడేది అదే గదా!"

"ఎన్ని అంకెలిచ్చారని కాదు. సులువైనదాంట్లో ఏదో ఒక గడికి ఒక్క అంకే మిగులుతుంది, వెతికితే దొరుకుతుంది. కష్టమైనదాంట్లో అలా దొరకదు. ఒక వరసలో రెండు గడులకి మూడు, ఏడు అంకెలే పడతాయనుకోండి. ఏది ఎందులోనో తెలియకపోయినా, మిగతా గడుల్లోంచి ఆ రెంటినీ కొట్టేయాలి. అలా కొట్టేసుకుంటూ పోవాలి."

వెంటనే ఆ ఆదివారం పేపర్లోని మధ్యస్థమూ, ఒక పెన్నూ ఇచ్చాను. సగం నింపేసరికి ఒకే నిలువు వరసలో రెండు తొమ్మిదులు.

"పేపరోడు తప్పేసినాడు," అన్నారు.

నేను అదే సుడోకుని ఇంకో కాగితం మీదికి దించుకుని, పూర్తిచేసి ముందు పెట్టాను.

సోమవారం సాయంత్రం చెప్పులు విప్పుతూ, "సులువుకి మార్చుకున్నా," అన్నారు. నాకు ప్రాణం కుదుటపడింది.

"ఇంట్లోవాళ్ళు గూడా ఆడొచ్చంట. కఠినంలో నీ పేరిచ్చినా. మా ఇంటామె చూసిందంటే చాలు, కొట్టుడూ తుడుపూ లేకుండా రాసేస్తాదని స్టాఫందరికీ చెప్పినా."

"అయ్యో, నేను చేసేది మధ్యస్థమే కదండీ!"

"నిన్న కఠినం మీద అంతసేపు పాఠం చెప్పినావే, అది ఎవురికి?"

మర్నాడు నెల్లితోపు మార్కెట్లో కూరలతో పాటు ఒక పెన్సిలూ, రెండు రబ్బర్లూ కొన్నాను.