కొండ మీద పులియని పిండి

రాయ్‌పూర్ వదిలి కొండలకు వెళ్ళిపోయేనాటికి మాకు పెళ్ళయి నెల కూడా కాలేదు. ఇద్దరికీ పాతికేళ్ళు దాటలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, బయట బండి దగ్గర చెరుకురసం తాగి, ఎవరింటికి వాళ్ళం వెళ్ళి విషయం చెప్పాం.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా అమ్మ నర్సు. నాన్న నా చిన్నప్పుడే పోయారు కాబట్టి ఇంట్లో కూడా వార్డులో నడిచినట్టే ఆవిడ మాట నడిచేది. మావారి వాళ్ళది కరీంనగర్ వైపు. మామగారు ఇనుము ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. గడప మీద పసుపు, ఇంట్లో నిత్యం పూజ.

రెండిళ్ళలోనూ తిట్టి తరిమేస్తారనుకున్నాం. అలా చేసి ఉంటే సులువుగా ఉండేది. వాళ్ళు మమ్మల్ని క్షమించారు, షరతు మీద. అతను బాప్తిస్మం తీసుకుంటే చర్చిలో దగ్గరుండి పెళ్ళి చేయిస్తానంది మా అమ్మ. అమ్మాయి పేరు మార్చుకుని గుళ్ళో తాళి కట్టించుకుంటే కోడలుగా తెచ్చుకుంటామన్నారు మామగారు. అప్పటిదాకా ఎవరింట్లో వాళ్ళు ఉండాలట. ఈ ఒక్క విషయంలో రెండు కుటుంబాలూ భలే కలిశాయి.

శంకర్ నగర్‌లో ఒక గది చూసుకున్నాం. అడ్వాన్సు ఇచ్చిన మర్నాడే ఇంటివాళ్ళు వెనక్కి ఇచ్చేశారు. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఊళ్ళో తెలుగువాళ్ళం కొద్దిమందిమి. అందువల్ల ఒకరి సంగతి అందరి సంగతీ అవుతుంది. మా అమ్మకు తెలిసినావిడ ఎవరో ఆ ఇంటివాళ్ళతో మాట్లాడిందని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం మావారు తన కాలేజీ రోజుల సంగతి చెప్పారు. స్నేహితులతో హిమాచల్‌లో బంజార్ లోయకు వెళ్ళారట. అక్కడ పరిచయమైన జీపు డ్రైవరు నంబరు ఇంకా ఫోన్లో ఉంది. ఫోన్ చేస్తే, తన ఊళ్ళో రోడ్డు పక్కన ఒక కొట్టుగది ఖాళీగా ఉందన్నాడు.

"గక్కడ మనల్ని ఎవ్వరూ గుర్తుపట్టరు. ఇడ్లీ, దోసె చేసెటోళ్ళు ఒక్కరు లేరు. దుకాణ్ పెడ్దాం, పా" అన్నారు మావారు.

నాకు ఇంట్లో నలుగురికి సరిపడా వండటం తప్ప ఇంకేం రాదు. ఆయనకు టీ పెట్టడం వచ్చు. అయినా సరే అన్నాను. గ్రైండరు, ఇడ్లీ రేకులు, పెనం, రెండు నూలు దుప్పట్లు, తలా ఒక స్వెట్టరు సర్దుకున్నాం. రాయ్‌పూర్‌లో క్రిస్మస్ ముందు బయటికి తీసి సంక్రాంతికల్లా లోపల పెట్టేసే స్వెట్టర్లవి. కాళ్ళకు గుడ్డ బూట్లు. అక్టోబరు నెలాఖరు. రాయ్‌పూర్‌లో అప్పుడప్పుడే ఎండలు తగ్గి ప్రాణం తెరిపిన పడే కాలం. ఆ కొండల్లో కాస్త వీలున్నవాళ్ళు కిందికి దిగిపోయే కాలమని మాకు తెలీదు.

బయల్దేరే ముందు అమ్మకు ఫోన్ చేసి ఏ ఊరు వెళ్తున్నామో చెప్పాను. నా మాట పూర్తిగా విన్నది.

"నెల తిరక్కుండా వచ్చేస్తావు. తలుపు తీసే ఉంటుంది. కానీ నీ ఒక్కదానికే" అంది.

"అయితే తలుపు వేసేసుకో అమ్మా" అని పెట్టేశాను. రైలు బిలాస్‌పూర్ దాటేదాకా ఫోన్ ఆఫ్ చేసే ఉంచాను. కోపంతోనో భయంతోనో చెప్పలేను.

ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణుంచి కొండల బస్సు, చివరికి జీపు. మాకు దొరికిన గది రాతి గోడల మీద చెక్క ఇంటికి కింది భాగం. పైన ఇల్లుగలావిడ ఒక్కతే ఉండేది. ఊరంతా ఆవిడను తాయీజీ అనేవారు, అంటే పెద్దమ్మ అన్నట్టు. మేమూ అలాగే పిలిచాం. ఆవిడ మా బూట్ల వంక చూసి, దుప్పట్ల వంక చూసి, తాళంచెవి చేతిలో పెట్టింది.

మొదటిరోజు పిండి రుబ్బి పెట్టాం. తెల్లారి మూత తీస్తే రుబ్బినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, గోడకు వేసే సున్నంలా. ఇంకో పూట ఆగాం. అదే పిండి. ఆగలేక ఇడ్లీ వేశాం. మా మొదటి గిరాకీ, మమ్మల్ని అక్కడికి రప్పించిన జీపు డ్రైవరే, ఒక ఇడ్లీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, దీన్ని చాయ్‌లో ముంచుకోవాలా అని మర్యాదగానే అడిగాడు. బడి పంతులుగారు సగం తిని, మిగతా సగం ఇంటికి తీసుకెళ్తానని కాగితంలో చుట్టుకున్నారు. ఆ కాగితం మలుపులో కాలవ పక్కన నాకే కనబడింది.

ఎదుటి కొట్టాయన మంచివాడే. మాకు సలహా ఇవ్వడానికి రోడ్డు దాటి వచ్చాడు. మైదానాల నుంచి మీలాంటి కుర్రవాళ్ళు చాలామంది వచ్చారు, మంచు పడగానే దిగిపోయారు, వెళ్ళేదాకా గడవాలంటే నూడుల్సు, ఆమ్లెట్లు పెట్టుకోండి అన్నాడు. రోడ్డు పొడవునా ఉన్న ప్రతి కొట్టూ అమ్మేది అవే. మేము ఇక్కడికి గడుపుకోవడానికి రాలేదని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది.

ఆ తర్వాత పిండి మీద మేము చేయని ప్రయోగం లేదు. వేణ్ణీళ్ళు పోసి రుబ్బాం. ఎండలో పెడదామంటే మధ్యాహ్నం కాగానే సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోయేవాడు. పొయ్యి పక్కన పెడితే పొయ్యి వైపున్న పిండి ఉడికి గడ్డకట్టింది, అవతలి వైపుది చల్లగా అలాగే ఉంది. పారబోసిన పిండిని తాయీజీ ఆవులు ఇష్టంగా తినేవి. మా వంటను మెచ్చుకున్నవి అవే.

చివరికి మావారికే తట్టింది. మాకు వెచ్చగా ఉన్న చోటు ఆ ఇంట్లో ఒకటే, బంజార్ బజారులో కొన్న బొంత కింద.

"పసిపిల్లను పండవెట్టుకున్నట్టు మన పక్కల పండవెట్టుకుందాం. ఏమైతది?" అన్నారు.

కొత్తగా పెళ్ళయినవాళ్ళం, మధ్యలో పిండిగిన్నె. ఎవరూ గట్టిగా పక్కకు తిరగడానికి లేదు. తెల్లవారాక లేచి చూస్తే గిన్నె మూత వంకరగా లేచి ఉంది. పిండి అంచు దాటి బొంత మీదికి వచ్చింది. ఆ పుల్లటి వాసన పీల్చుకుంటూ ఇద్దరం గిన్నెకు అటూ ఇటూ కూర్చుని పిచ్చివాళ్ళలా నవ్వాం. ఆ రోజు పంతులుగారు ఇడ్లీలు మొత్తం అక్కడే తిన్నారు. ఎదుటి కొట్టాయన కూడా రోడ్డు దాటి వచ్చి రెండు దోసెలు వేయించుకున్నాడు. నూడుల్సు మాట ఎత్తలేదు.

గెలిచేశామనుకున్నాం. చలికాలం అప్పటికింకా మొదలే కాలేదు.

ఊళ్ళో ప్రతి ఇంటి గోడకూ ఆనించి కట్టెలు వరసగా, అందంగా పేర్చి ఉండేవి. మేము వాటి ముందు నిలబడి ఫోటోలు దిగాం. మనమూ అలా పేర్చుకోవాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. జనవరిలో మంచు పట్టింది. రోడ్డు మూసుకుపోయింది, కరెంటు పోయింది, గ్యాసు బండి కింద బంజార్‌లోనే ఆగిపోయింది. కుళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి. నా కాలివేళ్ళు ఎర్రగా వాచి, దురదతో మండేవి. ముందు సామాన్ల చెక్కపెట్టెలు కాల్చాం. తర్వాత అలమర అరలు. అవీ అయిపోయాక గిరాకీలు కూర్చునే బల్లను విరిచి పొయ్యిలో పెట్టాం.

రంగు కాలుతున్న వాసన పైకి వెళ్ళినట్టుంది, తాయీజీ మెట్లు దిగి వచ్చింది. సగం విరిగిన బల్లను, మమ్మల్ని చూసింది. కట్టెలు లేవని నోటితో చెప్పడానికి ఏమైందని కేకలేసింది. ఆ కోపం చూసి మావారు తల దించుకున్నారు. రోడ్డు తెరవగానే కింద కుల్లూ పట్నానికి దిగిపోండి, మార్చిలో రండి, అప్పటిదాకా పైన నా వంటగదిలో ఉండండి అంది.

"పైకి వస్తాం తాయీజీ. కిందికి మాత్రం పోం" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత పిండిగిన్నె తనే ఎత్తుకుని మెట్లెక్కింది.

ఆ చలికాలమంతా పైన వంటగదిలోనే గడిచింది. మధ్యలో ఇనుప పొయ్యి, చుట్టూ మేము ముగ్గురం. ఆవిడ ఉన్ని వడికేది. ఆ పొయ్యి మీదే పెనం పెట్టి దోసెలు పోశాను. ఎవరో వాసన పట్టారు. రెండో వారానికల్లా మంచులో మోకాళ్ళ దాకా దిగబడుతూ జనం ఆ చెక్క మెట్లెక్కి వచ్చేవారు. వచ్చేటప్పుడు చంకలో తలా ఒక కట్టె తెచ్చి పొయ్యి పక్కన పడేసేవారు. అలా తెమ్మని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మా కొట్టు నిజంగా తెరుచుకున్నది ఆ వంటగదిలోనే అని నేనిప్పటికీ అంటాను.

కుల్లూకు రోడ్డు తెరిచారని తెలిసిన రోజు మేమిద్దరం దిగిపోయే ఊసే ఎత్తలేదు.

మే నెలలో ఒకరోజు గిరాకీ ముమ్మరంగా ఉన్నప్పుడు బస్సు ఆగింది. నర్సులు వేసుకునే తెల్ల బూట్లతో, నూలు చీరతో, స్వెట్టరు కూడా లేకుండా మా అమ్మ దిగింది. చెప్పకుండా వచ్చింది. నన్ను పలకరించలేదు. నా కాళ్ళ వంక చూసింది.

"ఇవేం కాళ్ళే" అంది. అక్కడే కొత్త బల్ల మీద కూర్చోబెట్టి, జనం చూస్తుండగా చెప్పులు లాగేసి, నల్లబడ్డ మచ్చలు నొక్కి చూసింది. మావారు టీ గ్లాసు పట్టుకొచ్చి పక్కన నిలబడ్డారు. ఆవిడ ఆయన వైపు చూడకుండానే గ్లాసు అందుకుంది. స్వెట్టరు లేక వణుకుతుంటే ఆయన తన శాలువా తెచ్చి భుజాల మీద కప్పారు. వద్దనలేదు.

అమ్మ మా దగ్గరే దిగింది. ఆ లోయలో కొబ్బరికాయ దొరకదు, అక్రోటు బాగా దొరుకుతుంది. అందుకని నేను అక్రోటు పచ్చడి చేసేదాన్ని. అదేం పచ్చడని రోజూ విసుక్కునేది, రోజూ వేయించుకునేది. మూడో రోజు మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"షరతు తీసేశాను. అతను ఏమీ మారక్కర్లేదు. ఇద్దరూ ఇంటికొచ్చెయ్యండి."

ఆ మాట కోసం నేను ఎన్ని నెలలు ఎదురుచూశానో ఆవిడకు తెలియదు. తీరా విన్నాక సంతోషం వేసింది, కానీ వెళ్ళాలనిపించలేదు.

"రాంలే అమ్మా" అన్నాను.

"ఇంకేం కావాలే నీకు?"

"ఏమీ వద్దు. పొద్దున్నే బడి పంతులుగారు వస్తారు, టిఫిన్ పెట్టాలి."

అమ్మ చీర చెంగు దోపుకుని నా చేతిలోని గిన్నె లాక్కుని, అడుగు సరిగ్గా తోమలేదని మళ్ళీ తోమింది. వెళ్ళే రోజు బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "నువ్వు రావన్నమాట. సరే, నేనే వస్తా. నాకు సెలవులున్నాయిగా" అంది. అన్నట్టే ప్రతి వేసవికీ వచ్చింది. తను అన్నది తప్పని ఏనాడూ ఒప్పుకోలేదు. నేనూ అడగలేదు. మామగారు మాత్రం రాలేదు. కొడుకుతో ఫోన్లో మాట్లాడతారు, నా ఊసు ఎత్తరు. అది ఇప్పటికీ అంతే. దాని గురించి బాధపడటం మానేశాను.

కొన్నేళ్ళకు తాయీజీ కొడుకు సిమ్లా నుంచి తిరిగొచ్చి ఆ ఇంటిని గెస్ట్‌హౌసుగా మార్చాలనుకున్నాడు. మలుపు అవతల మాకు వేరే గది చూపించాడు. మాకే రాయ్‌పూర్ మీదికి మనసు మళ్ళింది. ఒక రోజు చర్చించుకున్నాం, ఒప్పుకున్నాం, వచ్చేశాం. తాయీజీ ఏడవలేదు. ఒక బస్తా అక్రోట్లు కట్టి ఇచ్చి, పిల్లలు పుడితే తీసుకురమ్మంది.

ఇప్పుడు శంకర్ నగర్‌లోనే ఉంటున్నాం, మా అమ్మ ఇంట్లో కాదు, మా అద్దె ఇంట్లో. మావారు తిల్దాలో బియ్యం మిల్లు ఆఫీసులో పనిచేస్తారు, రోజూ రైల్లో వెళ్ళొస్తారు. నేను ఇంట్లోనే టిఫిన్లు చేసి ఆఫీసులకు పంపుతాను. ఎండాకాలంలో రాయ్‌పూర్‌లో పిండి పులవకుండా ఆపడమే కష్టం.

మొన్న మా చర్చిలో ఒకరి పుట్టినరోజు ప్రార్థన కూటానికి అమ్మతో కలిసి వెళ్ళాం. అమ్మ స్నేహితురాలు ఒకావిడ మావారి ముందే అంది, "ఎంత ఎగిరినా చివరికి ఇక్కడికే రావలసి వచ్చిందిగా. చిన్నతనం, తెలియక వెళ్ళారు" అని. ఆవిడ జాలిపడుతోంది. ఆ జాలిని నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

"మమ్మల్ని ఎవరూ రప్పించలేదు ఆంటీ, వద్దామనుకుని వచ్చాం" అన్నాను. "తెలియక వెళ్ళామన్నది నిజమే. తెలిసుంటే కట్టెలు కొనుక్కుని వెళ్ళేవాళ్ళం. వెళ్ళడం మాత్రం మానేవాళ్ళం కాదు."

ఆవిడ మా అమ్మ వైపు చూసింది, కాస్త సర్దిచెబుతుందేమోనని. అమ్మ చేతిలో పళ్ళెం పట్టుకుని, మావారికి చికెన్ ఇంకో ముక్క వేస్తోంది. ఏమీ వినబడనట్టే ఉంది.